పాత సాఫ్ట్‌వేర్‌లో ఎర్రర్ హ్యాండ్లింగ్ లోపాలు

ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు అనుకోనిది ఎదురవుతూనే ఉంటుంది. ఫైలు దొరకదు, నెట్‌వర్క్ తెగిపోతుంది, అంకె ఉండాల్సిన చోట ఖాళీ వస్తుంది, డిస్కు నిండిపోతుంది. అలాంటప్పుడు ఏం జరిగిందో పట్టుకుని, తెలియాల్సినవాళ్లకు తెలిపి, పని ఆపాలో కొనసాగించాలో తేల్చే ఏర్పాటే ఎర్రర్ హ్యాండ్లింగ్. రాసినవాళ్లు వెళ్లిపోయినా, రాసిన భాష పాతబడినా, రోజువారీ పనికి ఇప్పటికీ ఆధారంగా ఉన్న సాఫ్ట్‌వేర్‌ను లెగసీ సాఫ్ట్‌వేర్ అంటారు. బ్యాంకు ఖాతాలు, రైల్వే రిజర్వేషన్లు, భూమి రికార్డులు, జీతాలు, పింఛన్లు చాలావరకు ఇలాంటివాటి మీదే నడుస్తున్నాయి. వీటిలో తప్పులను చూసీ చూడనట్టు వదిలేసిన చోట రాకెట్లు పేలాయి, రోగులు చనిపోయారు. అంతకంటే చాలా ఎక్కువగా, ఏ వార్తకూ ఎక్కని మనుషులు తమది కాని తప్పుకు కౌంటర్ల చుట్టూ తిరిగారు.

తెలుగువాళ్లకు ఈ విషయంతో రెండు వైపుల నుంచీ సంబంధం ఉంది. 1990ల చివర్లో వై2కె (2000 సంవత్సరపు తేదీల సమస్య) పనికి అమెరికా వెళ్లి, పాత కోబాల్ ప్రోగ్రాములు విప్పి చూసినవాళ్లలో తెలుగు ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అదే కాలంలో పరిపాలనను వేగంగా కంప్యూటర్లకు ఎక్కించిన రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. తెనాలి–రేపల్లె రైలు మార్గం మీద ఉన్న వేమూరు లాంటి డెల్టా ఊళ్లో ఒక ఇంటి పిల్లలు విదేశీ బ్యాంకు సాఫ్ట్‌వేర్‌ను కాపాడే ఉద్యోగంలో ఉంటే, ఆ ఇంటి పెద్దలు రేషన్ షాపులో వేలిముద్ర పడలేదని వెనక్కి రావడం వింతేమీ కాదు. సాంకేతికంగా రెండూ ఒకటే సమస్య.

తప్పును మింగే అలవాట్లు

ఏదైనా పని విఫలమైతే ప్రోగ్రాము మూడు పనులు చేయాలి. విఫలమైందని గుర్తించాలి. ఎందుకు విఫలమైందో అర్థమయ్యేలా చెప్పాలి. సగంలో వదిలిన పనిని పూర్తి చేయాలి, లేదా మొదటికి తేవాలి. ఒక ఖాతాలో డబ్బు తగ్గి రెండో ఖాతాలో చేరకపోతే మూడోది జరగలేదని అర్థం. పాత ప్రోగ్రాముల్లో ఈ మూడూ తప్పాయి. అందుకు కొంతవరకు ఆనాటి భాషల తీరు కూడా కారణం.

కోబాల్‌లో ఫైలు తెరిచినా చదివినా ఫైల్ స్టేటస్ అని రెండంకెల కోడ్ వస్తుంది. 00 అంటే పని జరిగింది, 23 అంటే ఆ రికార్డు లేదు, 35 అంటే ఆ ఫైలే లేదు. 1970ల మొదట్లో వచ్చిన సీ భాషలోనూ ఇదే పద్ధతి: ఫంక్షన్ ఒక విలువ తిరిగి ఇస్తుంది, దాన్ని చూడాల్సింది రాసేవారే. చూడకపోయినా ప్రోగ్రాము నడుస్తుంది. గడువు దగ్గరపడ్డ ప్రోగ్రామర్ మొదట వదిలేసేది ఆ చూడటాన్నే. తప్పు జరిగితే మామూలు దారి నుంచి తప్పించి వేరే చోట పరిష్కరించే ఎక్సెప్షన్ పద్ధతిని జాన్ గుడెనఫ్ 1975లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో క్రమబద్ధంగా ప్రతిపాదించారు. 1990లలో జావా దాన్ని అందరికీ అలవాటు చేసింది. అంతటితో తప్పులు తగ్గుతాయనుకున్నారు. కానీ తప్పును పట్టుకుని ఏమీ చేయని ఖాళీ క్యాచ్ బ్లాకులు వేల సంఖ్యలో పుట్టాయి.

మన ఆఫీసులకు దగ్గరగా ఉన్న చరిత్ర ఇంకోటుంది. 1990లలో చిన్న కార్యాలయాలు, కోపరేటివ్ సొసైటీలు, వ్యాపార సంస్థలు డీబేస్, ఫాక్స్‌ప్రోలతో మొదలై విజువల్ బేసిక్‌కు, ఒరాకిల్‌కు మారాయి. విజువల్ బేసిక్‌లో ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’ అనే ఒక వాక్యం ఉంది. తప్పు వస్తే పట్టించుకోకుండా తరవాతి వరుసకు వెళ్లమని దాని అర్థం. వాడిన చోటే వెంటనే తప్పును పరీక్షిస్తే అది పనికొచ్చేదే. కానీ చాలామంది దాన్ని ప్రొసీజర్ మొదటి వరుసలో పెట్టి మరిచిపోయారు. కస్టమర్ ముందు తెర మీద ఎర్రర్ బాక్సు రాకుండా ఉండటమే వాళ్లకు కావలసింది. ఒరాకిల్ పీఎల్-ఎస్‌క్యూఎల్‌లో దీనికి సరిజోడు ‘వెన్ అదర్స్ దెన్ నల్’: ఇంకే తప్పు వచ్చినా ఏమీ చేయకు. రికార్డు డేటాబేసులో పడదు, తెర మీద మాత్రం ‘సక్సెస్‌ఫుల్లీ సేవ్‌డ్’ అని వస్తుంది. ఈ రెండు వాక్యాలు చేసినంత హాని వైరస్‌లు కూడా చేయలేదని ఈ రచయిత అభిప్రాయం. వైరస్ వచ్చిందని ఎప్పటికైనా తెలుస్తుంది కదా. మైక్రోసాఫ్ట్ విజువల్ బేసిక్ 6కు మద్దతు 2008లో ఆపేసింది, విజువల్ ఫాక్స్‌ప్రోకు 2015లో. వాటిలో రాసిన ప్రోగ్రాములు అంతటితో ఆగిపోలేదు.

ఒక కోడ్ మారితే

తప్పును మింగడం లోపల ఎలా ఉంటుందో దగ్గరగా చూడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఉమ్మడి రాష్ట్రంలో 23 జిల్లాలు ఉన్న రోజుల్లో ఎవరో ఒక రిపోర్టు ప్రోగ్రాము రాశారు. జిల్లా కోడ్ 1 నుంచి 23 లోపు ఉంటే ఆ జిల్లా ఖాతాలో మొత్తం కలుపుతుంది. ఇంకేదైనా కోడ్ వస్తే? అలా రాదనుకున్నారు కాబట్టి ‘ఇతరములు’ అనే గడిలో వేసి ముందుకు వెళ్లమని రాశారు.

2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. తెలంగాణలో పది జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ రోజు వేమూరు మండలం గుంటూరు జిల్లా నుంచి కొత్త బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఇప్పుడు వేమూరు రికార్డు కొత్త కోడ్‌తో ఆ పాత ప్రోగ్రాములోకి వెళ్తే ఆగదు, ఎర్రర్ రాదు. ‘ఇతరములు’లో చేరిపోతుంది. రాష్ట్రం మొత్తం సరిగ్గా సరిపోతుంది కాబట్టి పైఆఫీసులో ఎవరికీ అనుమానం రాదు. బాపట్ల వరుసలో మాత్రం సున్నా ఉంటుంది, లేదా ఆ వరుసే ఉండదు. అదే ప్రోగ్రాము తెలియని కోడ్ కనిపించగానే ఆగి, ‘ఈ కోడ్ నా జాబితాలో లేదు, ఫలానా రికార్డు చూడండి’ అని ఉంటే ఆ సాయంత్రానికే ఎవరో ఒకరు సరిచేసేవారు.

బ్యాంకుల్లో ఇలాంటి మార్పు నిజంగానే జరిగింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఏఎన్‌డీబీతో మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు యూబీఐఎన్‌తో మొదలయ్యేవిగా మారాయి. పథకాల జాబితాల్లో, కంపెనీల జీతాల ఫైళ్లలో, చిట్‌ఫండ్ రికార్డుల్లో ఉన్న పాత కోడ్‌లను అందరూ మార్చుకోవాల్సి వచ్చింది. పాత కోడ్‌ను గుర్తించి కొత్తదానికి మళ్లించే ఏర్పాటున్న సాఫ్ట్‌వేర్ ఈ మార్పును తట్టుకుంటుంది. లేనిది చెల్లింపును వెనక్కి పంపుతుంది. వెనక్కి వచ్చిన సంగతి ఖాతాదారుకు ఎవరు చెప్తారన్నది ఆ తరవాతి ప్రశ్న.

వై2కె, రాత్రి బ్యాచ్, రిజెక్ట్ ఫైలు

సత్యం కంప్యూటర్స్ హైదరాబాద్‌లో 1987లో పుట్టింది. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. అప్పటికే అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్, డీబీ2 నేర్పే ఇన్‌స్టిట్యూట్లు కిటకిటలాడుతున్నాయి. సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే తడబడతాయన్న భయం వల్ల అమెరికాకు మనుషులు కావలసి వచ్చారు. ఏటా 65,000గా ఉన్న హెచ్-1బీ వీసాల పరిమితి 1999కి 1,15,000 అయింది. గుంటూరు, కృష్ణా జిల్లాల కుటుంబాల్లో ఒక తరం భవిష్యత్తు ఈ మరమ్మతు పని మీద నిలబడింది.

మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేసినవారికి అబెండ్ అన్న మాట చెప్పక్కర్లేదు. రాత్రి బ్యాచ్‌లో జాబ్ మధ్యలో పడిపోతే, కారణం ఒక కోడ్‌గా వస్తుంది. ఎస్‌ఓసీ7 వచ్చిందంటే అంకె ఉండాల్సిన గడిలో అంకె కానిదేదో ఉంది. చాలాసార్లు స్పేసులు. నిజానికి ఇది మంచి ప్రవర్తన: యంత్రం తప్పుడు లెక్క కట్టకుండా ఆగింది, ఎక్కడ ఆగిందో చెప్పింది. ఆన్‌కాల్‌లో ఉన్న మనిషికి ఫోన్ వస్తుంది. తెల్లవారేలోగా బ్యాచ్ ముగిసి బ్రాంచీలు తెరవాలి. ఆ చెడ్డ రికార్డును పక్కన పెట్టి జాబ్‌ను రీస్టార్ట్ చేస్తారు. తరవాత ఇలాంటివి మళ్లీ నిద్ర లేపకుండా, అంకె కాని రికార్డులను తనంతట తానే ఒక రిజెక్ట్ ఫైలులో వేసి ముందుకు సాగేలా ప్రోగ్రామును మారుస్తారు. అక్కడిదాకా తప్పేమీ లేదు. ఆ రిజెక్ట్ ఫైలును రోజూ తెరిచి చూసే బాధ్యత ఎవరికీ అప్పగించకపోతేనే ప్రమాదం. గట్టిగా అరిచే తప్పు అప్పుడు మౌనంగా జరిగే తప్పుగా మారుతుంది. ఆ ఫైలులోని ఒక్కో వరుస ఒక మనిషి జీతమో, బీమా క్లెయిమో, పింఛనో అయి ఉంటుంది.

కౌంటర్ ఇవతల

ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటరీకరణ, కార్డ్ ప్రాజెక్టు, 1998 నవంబరులో మొదలైంది. 2001లో ఈ-సేవ, 2011లో మీ సేవ వచ్చాయి. రేషన్ షాపుల్లో ఈ-పాస్ యంత్రాలు 2015లో వచ్చాయి. ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) కోసం, అడంగల్ కోసం రోజుల తరబడి తిరిగే బాధ ఎంతో తగ్గింది. కానీ ముందుగా మొదలుపెట్టిన రాష్ట్రానికి పాతబడిన సాఫ్ట్‌వేర్ కూడా ముందుగానే చేతికొచ్చింది.

ఈ-పాస్ సంగతే తీసుకోండి. ఆధార్ ధ్రువీకరణ విఫలమైతే ఉడాయ్ వ్యవస్థ కారణాన్ని ఒక సంఖ్యగా తెలియజేస్తుంది. 300 అంటే వేలిముద్ర సరిపోలలేదు. 330 అంటే ఆ వ్యక్తి బయోమెట్రిక్‌కు తాళం వేసి ఉంది. 998 అంటే ఆధార్ సంఖ్య చెల్లదు, లేదా దాని డేటా అందుబాటులో లేదు. ఒక్కోదానికి ఒక్కో పరిష్కారం: వేరే వేలు పెట్టాలి, తాళం తీయాలి, సంఖ్య సరిచూడాలి. వీటికి తోడు సిగ్నల్ లేకపోవడం, సర్వర్ పలక్కపోవడం కూడా ఉంటాయి. తెరకీ, అక్కడి నుంచి డీలర్ నోటికీ వచ్చేసరికి ఈ తేడాలన్నీ కరిగిపోయి ‘వేలిముద్ర పడలేదు’, ‘సర్వర్ బిజీ’ అన్న రెండు మాటలే మిగిలితే, నాట్లు వేసి కోతలు కోసి వేళ్లు అరిగిన ఆడమనిషికి తన చెయ్యిదే తప్పనిపిస్తుంది. యంత్రానికి తెలిసిన కారణాన్ని ఆమెకు చేరకుండా ఆపడం కూడా ఎర్రర్ హ్యాండ్లింగ్ లోపమే. నా దృష్టిలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో బాగయ్యే లోపమూ ఇదే.

ఉపాధి హామీ కూలి విషయంలో ఇది ఇంకా లోతుగా కనిపిస్తుంది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. తరవాతి ఏళ్లలో కూలి డబ్బు ఆధార్ ఆధారంగా బ్యాంకులకు చేరడం మొదలైంది. 2024 జనవరి 1 నుంచి ఆ దారి తప్పనిసరి అయింది. ఏ ఆధార్‌కు ఏ బ్యాంకు ముడిపడి ఉందో చెప్పే పట్టిక బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర ఉంటుంది. ఆ పట్టికలో ముడి తెగిపోయి ఉంటే చెల్లింపు ‘ఇనాక్టివ్ ఆధార్’ అన్న కారణంతో వెనక్కి వస్తుంది. కూలీ ఆధార్ కేంద్రానికి పరుగెడతారు. అక్కడ కార్డు బాగానే ఉంటుంది. ఎందుకంటే సమస్య ఆధార్‌లో లేదు, బ్యాంకుకూ ఎన్‌పీసీఐకీ మధ్య ఉన్న లింకులో ఉంది. వెళ్లాల్సింది బ్యాంకుకు. తెలుగు రాష్ట్రాల్లోనూ జార్ఖండ్‌లోనూ పనిచేసిన లిబ్‌టెక్ ఇండియా బృందం ఇలా తిప్పలు పెట్టే కారణాలను ఏళ్ల తరబడి నమోదు చేసింది. తప్పుడు కారణం చెప్పే సందేశం కంటే ఏ కారణమూ చెప్పనిదే నయం. కనీసం మనిషిని తప్పు ఆఫీసుకు పంపదు.

తెలంగాణలో ధరణి పోర్టల్ 2020 అక్టోబరు 29న మొదలైంది. పాత పహాణీల నుంచి తెచ్చిన వివరాల్లో విస్తీర్ణం, పేరు, భూమి రకం తప్పుగా పడితే సరిచేసుకునే దారి మొదట్లో సరిగా లేదు. దరఖాస్తు మాడ్యూళ్లు తరవాత ఒక్కొక్కటిగా చేర్చారు. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూ భారతి వచ్చింది. డేటాలో తప్పులుంటాయని ముందే ఒప్పుకుని, దిద్దుబాటు దారిని మొదటి రోజునే పెట్టడం ఎర్రర్ హ్యాండ్లింగ్‌లో భాగమేనని ఆ నాలుగున్నరేళ్లు చూపించాయి.

2019 ఏప్రిల్ 18న వెలువడిన తెలంగాణ ఇంటర్ ఫలితాలు వీటన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించిన సంఘటన. పరీక్ష రాసినవారిని రానట్టు చూపిన మెమోలు వచ్చాయి. ఒక విద్యార్థినికి తెలుగులో 99 బదులు సున్నా పడింది. పేపరు దిద్దినవారు ఓఎంఆర్ పత్రంలో గడులు తప్పుగా నింపారు. మనిషి చేతి పొరపాటును ఎవరూ పూర్తిగా ఆపలేరు. కానీ మిగతా అన్నిటిలో మంచి మార్కులున్న అమ్మాయికి ఒక్క పేపర్లో సున్నా వస్తే, ఫలితం బయటికి వెళ్లకముందే ‘ఇది ఒకసారి చూడండి’ అని పక్కకు తీసే తనిఖీ ఉండాల్సింది. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. ఫెయిలైన దాదాపు 3.8 లక్షల మంది జవాబు పత్రాలను ఉచితంగా మళ్లీ పరిశీలించారు. 1,137 మంది పాసయ్యారు. ఫలితాల తరవాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. వాటన్నిటికీ సాఫ్ట్‌వేరే కారణమని చెప్పలేం. కానీ పదిహేడేళ్ల పిల్లల చేతికి వెళ్లే కాగితం మీద ఎంత జాగ్రత్త ఉండాలో ఆ ఏప్రిల్ తరవాత ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

బయటి ప్రపంచంలో

థెరాక్-25 అనే కేన్సర్ రేడియేషన్ యంత్రం 1985–87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరు ప్రమాదాలకు కారణమైంది. మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలి కొందరు చనిపోయారు. అంతకుముందు మోడల్‌లో ఉన్న యాంత్రిక రక్షణలను తీసేసి, పాత కోడ్‌లో కొంత భాగాన్ని వాడుకుంటూ భద్రతను సాఫ్ట్‌వేర్‌కు వదిలారు. టెక్సస్‌లోని టైలర్ ఆసుపత్రిలో తెర మీద కనిపించింది ‘మాల్‌ఫంక్షన్ 54’ మాత్రమే. మోతాదు మరీ ఎక్కువైనా మరీ తక్కువైనా అదే సంఖ్య వస్తుంది. ఆపరేటర్ మాన్యువల్‌లో దానికి వివరణే లేదు. అలాంటి సందేశాలు రోజూ వస్తుంటాయి కాబట్టి కొనసాగించే మీట నొక్కడం ఆపరేటర్లకు అలవాటైంది.

1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయాణం మొదలైన 37 సెకన్లకు దారి తప్పి, ఆ వెంటనే పేలిపోయింది. దిశ చూపే సాఫ్ట్‌వేర్ ఏరియన్ 4 నుంచి తెచ్చినది. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇమడ్చబోతే పట్టలేదు. పాత రాకెట్‌లో ఆ విలువ అంత పెద్దది కాదన్న నమ్మకంతో, ప్రాసెసర్ మీద భారం తగ్గించడానికి, ఏడు చలరాశుల్లో మూడింటికి రక్షణ పెట్టలేదు. తప్పు రాగానే దిశ చూపే కంప్యూటర్ ఆగిపోయి తన లోపాన్ని వివరించే డేటాను పంపింది. ప్రధాన కంప్యూటర్ దాన్ని రాకెట్ దిశగా చదువుకుంది. విచిత్రమేమిటంటే, ఆ లెక్క కట్టే భాగంతో రాకెట్ ఎగిరాక అవసరమే లేదు.

2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ షేర్ల సంస్థ 45 నిమిషాల్లో దాదాపు 46 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. ఎనిమిది సర్వర్లలో ఒకదాని మీద కొత్త కోడ్ పెట్టడం మరిచారు, అక్కడ ఎప్పుడో పక్కన పడేసిన పాత కోడ్ మేల్కొంది. మార్కెట్ తెరవకముందే వ్యవస్థ 97 ఈమెయిళ్లు పంపింది. వాటిని హెచ్చరికలుగా ఎవరూ చూడలేదు.

బ్రిటన్ పోస్టాఫీసు హొరైజన్ వ్యవహారం అన్నిటికన్నా క్రూరమైనది. 1999 నుంచి 2015 దాకా ఆ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ చూపిన లోటును సబ్‌పోస్ట్‌మాస్టర్ల దొంగతనంగా లెక్కగట్టారు. 900 మందికి పైగా దోషులయ్యారు, కొందరు జైలుకెళ్లారు. వాళ్లలో భారత మూలాలున్నవారూ ఉన్నారు. వ్యవస్థలో లోపాలున్నాయని 2019 డిసెంబరులో హైకోర్టు తేల్చింది. 2024 మేలో పార్లమెంటు చట్టం చేసి ఆ శిక్షలను రద్దు చేసింది. అక్కడి న్యాయస్థానాలు కంప్యూటర్ సరిగానే పనిచేసిందని ముందుగా నమ్మేవి, కాదని చూపే భారం నిందితుల మీదే పడేది. మన దగ్గర ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే ఆ కాలంలో కంప్యూటర్ సరిగా పనిచేసిందన్న షరతును చట్టమే విధిస్తుంది. పాత సాక్ష్య చట్టం 65బీలోని ఆ షరతు 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్‌లోకి వచ్చింది.

ఎందుకు బాగుపడవు, ఏం చేయవచ్చు

టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డింగ్ యువాన్ బృందం 2014లో పెద్ద డేటా వ్యవస్థల్లో జరిగిన 198 వైఫల్యాలను విడదీసి చూసింది. వ్యవస్థ మొత్తాన్ని కూల్చిన ఘటనల్లో 92 శాతం, ముందే సూచన ఇచ్చిన చిన్న తప్పులను సరిగా చూసుకోకపోవడం వల్ల జరిగినవే. 35 శాతానికి కారణాలు మరీ మామూలువి: ఖాళీ హ్యాండ్లర్, తరవాత రాద్దామని వదిలిన వ్యాఖ్య, అన్నిటినీ ఒకే గాటన కట్టి పట్టేయడం. తెలివితేటల కొరత వల్ల వచ్చిన సమస్య కాదిది. డెమోలో అందరూ అంతా సవ్యంగా జరిగే దారినే చూపిస్తారు, టెండరు ఆమోదించేవారూ దాన్నే చూస్తారు. నెట్ తీసేస్తే ఏమవుతుంది, తప్పు కోడ్ ఇస్తే ఏమవుతుంది అని అడిగేవారు అరుదు.

పాత ప్రోగ్రామును ఒక్కసారిగా తిరగరాయడం కన్నా ముందు దాన్ని మాట్లాడించడం మేలు. మింగుతున్న చోటల్లా కనీసం ఏ రికార్డు, ఏ సమయం, ఏ కారణం అన్నది లాగ్‌లో రాయించాలి. ఎన్ని రికార్డులు లోపలికి వెళ్లాయి, ఎన్ని బయటికి వచ్చాయి, ఎన్ని పక్కన పడ్డాయి అని రోజూ సరిచూడాలి. పద్దు పుస్తకాల కాలం నుంచీ మన గుమస్తాలు చేసిన పని ఇది. రిజెక్ట్ ఫైలు ఫలానా వారి బాధ్యత అని రాసి పెట్టాలి. పరీక్షలు లేని కోడే లెగసీ కోడ్ అని మైకేల్ ఫెదర్స్ 2004 నాటి తన పుస్తకంలో నిర్వచించారు. ఇప్పుడు ప్రోగ్రాము ఎలా ప్రవర్తిస్తోందో ముందు పరీక్షల్లో బిగించి, ఆ తరవాతే చెయ్యి పెట్టమన్నది ఆయన చూపిన దారి. కౌంటర్ దగ్గర విఫలమైన ప్రతి ప్రయత్నానికీ తెలుగులో ఒక చీటీ రావాలి. కారణం, ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది, తేదీ అందులో ఉండాలి.

తప్పు ఖర్చు ఎవరిదో తేలిన చోట సాఫ్ట్‌వేర్ త్వరగా బాగుపడుతుంది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 ఆదేశం ప్రకారం, ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో తగ్గితే బ్యాంకు అయిదు రోజుల్లోగా తిరిగి జమ చేయాలి. ఆ గడువు దాటితే ఖాతాదారు అడగకపోయినా రోజుకు 100 రూపాయలు ఇవ్వాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద కూలి ఆలస్యమైతే, మస్టర్ ముగిసిన 16వ రోజు తరవాతి నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం లెక్క ఉండేది. ఆ లెక్కను చెల్లింపు ఉత్తర్వు తయారయ్యేదాకా మాత్రమే కట్టేవారు. అక్కడి నుంచి కూలీ ఖాతాకు చేరేదాకా జరిగిన జాప్యానికి లెక్కే లేదు. ఆ రెండో దశకూ పరిహారం ఇవ్వాల్సిందేనని 2018 మేలో స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘ఇనాక్టివ్ ఆధార్’ అని వెనక్కి వచ్చే చెల్లింపులన్నీ ఆ రెండో దశలోనివే.